వెన్నుపోటుకు ముందే ఓడిన యుద్ధం: 1918 జర్మనీలో ఏది ముందు, ఏది వెనక

1918 నవంబరు 11న మొదటి ప్రపంచ యుద్ధపు పశ్చిమ రంగంలో తుపాకులు ఆగేనాటికి జర్మన్ సైన్యం ఇంకా బెల్జియంలోనే ఉంది. ఆల్సాస్ కొండల్లో 1914 నుంచే ఫ్రెంచివాళ్ల చేతిలో ఉన్న చిన్న ముక్కను పక్కన పెడితే, ఆ వైపున జర్మన్ నేల మీద శత్రువు కాలు మోపలేదు. సరిగ్గా అదే వారంలో కైజర్, అంటే జర్మన్ చక్రవర్తి, సింహాసనం పోయింది, ఊరూరా సైనికుల, కార్మికుల కౌన్సిళ్లు వెలిశాయి, బెర్లిన్‌లో గణతంత్రం వచ్చింది. రెండూ పక్కపక్కనే కనబడేసరికి ఒక కథ సులువుగా అల్లుకుంది: యుద్ధరంగంలో సైన్యం ఓడలేదు, ఇంట్లో ఉన్న సోషలిస్టులు, సమ్మెదారులు, యూదులు వెన్నుపోటు పొడిచారు అని. ఆ కథ మీద తర్వాత ఎంత రాజకీయం నడిచిందో తెలిసిందే.

తేదీలు వరసగా పేర్చి చూస్తే కథ నిలబడదు. కాల్పుల విరమణ అడగండి, రేపు కాదు ఇప్పుడే అడగండి అని ప్రభుత్వాన్ని తొందరపెట్టింది సైన్యాధిపతులే. అది సెప్టెంబరు 29. కీల్ రేవులో నావికుల మీద కాల్పులు జరిగి విప్లవం రాజుకున్నది నవంబరు 3. మధ్యలో అయిదు వారాలు. ఆ అయిదు వారాలు అర్థం కావాలంటే ముందు ఆ వసంతంలో జరిగిన దాడి లెక్క తెలియాలి.

పగ్గాలు ఎవరి చేతిలో

1916 ఆగస్టు చివర హిండెన్‌బర్గ్ సర్వసైన్యాధిపతి అయ్యాడు, లూడెన్‌డార్ఫ్ ఆయన పక్కన. పేరు హిండెన్‌బర్గ్‌ది, పని లూడెన్‌డార్ఫ్‌ది. కాగితం మీద చాన్సలర్, అంటే ప్రభుత్వాధినేత, కైజర్‌కు జవాబుదారీ. పార్లమెంటు, అంటే రైష్టాగ్, యుద్ధానికి అప్పులు మంజూరు చేయడం వరకే. ఆచరణలో ఈ ఇద్దరూ రాజీనామా చేస్తామని బెదిరిస్తే కైజర్ తలొగ్గేవాడు. 1917 జులైలో చాన్సలర్ బెత్‌మాన్ హోల్‌వెగ్‌ను అలాగే దించారు. ఆ నెల 19నే రైష్టాగ్ ఆక్రమణలు లేని శాంతి కావాలని తీర్మానం చేసింది. సైన్యాధిపతులు దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

వాళ్లు ఆడిన మొదటి పెద్ద జూదం జలాంతర్గాములది. నెలకు 6,00,000 టన్నుల ఓడలు ముంచితే అయిదు నెలల్లో బ్రిటన్ దారికొస్తుందని నౌకాదళం లెక్క కట్టింది. 1917 ఫిబ్రవరి 1న హద్దుల్లేని జలాంతర్గామి యుద్ధం మొదలైంది. ఏప్రిల్‌లో ముంచిన టన్నులు ఆ లక్ష్యాన్ని దాటేశాయి కూడా. అయినా బ్రిటన్ లొంగలేదు. సరుకు ఓడలను యుద్ధనౌకల కాపలాతో గుంపులుగా నడిపించడం మొదలుపెట్టాక నష్టాలు తగ్గాయి. ఈ జూదం వల్ల వచ్చిన అసలు ఫలితం ఏప్రిల్ 6న అమెరికా యుద్ధంలోకి దిగడం.

అందుకే 1918కి గడువు పడింది. రష్యా తప్పుకోవడంతో తూర్పు నుంచి డివిజన్లు పడమటికి వస్తున్నాయి. మరోపక్క అమెరికా సైనికులు ఓడలు దిగుతున్నారు. జర్మనీకి కొన్ని నెలల పాటే కొద్దిపాటి పైచేయి. 1917 నవంబరు 11న మాన్స్ పట్టణంలో లూడెన్‌డార్ఫ్ సైన్య విభాగాల ముఖ్య అధికారులను పిలిచి వసంతంలో దాడి చేయాలని తేల్చాడు. ఆ గదిలో కైజర్ లేడు, చాన్సలర్ లేడు, విదేశాంగ మంత్రీ లేడు. ఒక దేశం తన చివరి బలాన్ని పందెం ఒడ్డే నిర్ణయాన్ని కొంతమంది సైనికాధికారులు తమలో తాము తేల్చుకున్నారు. ఆ పందెం గెలిస్తే ఏ షరతుల మీద శాంతి అడగాలన్న ప్రశ్న అక్కడ లేవనే లేదు. నా దృష్టిలో 1918 ఓటమికి మొదటి మెట్టు ఇదే.

మార్చి 21

దాడికి మైకేల్ అని పేరు పెట్టారు. ఆరాస్‌కు దక్షిణం నుంచి సాఁ కాఁతాఁ మీదుగా వాజ్ నది దాకా సుమారు 80 కిలోమీటర్ల వెడల్పు. ఉత్తరాన 17వ సైన్యం, మధ్యలో 2వది, దక్షిణాన 18వది. తెల్లవారుజాము 4.40కి 6,600 దాకా ఫిరంగులు, 3,500 దాకా మోర్టార్లు ఒక్కసారిగా పేలాయి. అయిదు గంటల్లో దాదాపు 11 లక్షల గుండ్లు.

అంతకు ముందు దాడులు రోజుల తరబడి ఫిరంగులతో మొదలయ్యేవి. ఎక్కడ దాడి జరగబోతోందో అవతలివాడికి చాటింపు వేసినట్టే. ఫిరంగి దళ నిపుణుడు బ్రుఖ్‌ముల్లర్ ఈ పద్ధతి మార్చాడు. ముందు కొన్ని గుండ్లు వదిలి గురి సరిచూసుకోవడం మానిపించి, పటం కొలతలు, గాలి, ఉష్ణోగ్రత, ఒక్కో ఫిరంగి గొట్టం అరుగుదల లెక్కగట్టి నేరుగా కొట్టించాడు. గుండ్లలో కలిపిన వాయువులు కూడా లెక్క ప్రకారమే: ముఖతొడుగును దాటుకుని వెళ్లి తుమ్ములు, వాంతులు పుట్టించే పొడి ఒకటి. తట్టుకోలేక సైనికుడు తొడుగు తీసేస్తే అతని కోసం ఫాస్జీన్ అనే విషవాయువు సిద్ధంగా ఉంటుంది. మొదట శత్రువు ఫిరంగులు, టెలిఫోన్ కేంద్రాలు, ప్రధాన కార్యాలయాలు. ఆ తర్వాతే ముందు కందకాలు. 9.40కి పదాతి దళం కదిలింది. చిన్న చిన్న జట్లు, తేలిక మెషీన్‌గన్లు, మంటలు చిమ్మే యంత్రాలు. గట్టిగా నిలిచిన చోటును వదిలేసి సందుల్లోంచి లోపలికి చొరబడాలి, మిగిలినవాటిని వెనక వచ్చేవాళ్లు చూసుకుంటారు.

ఆ ఉదయం దట్టమైన పొగమంచు. ఎదురుగా ఉన్న బ్రిటిష్ 5వ సైన్యం ఫ్రెంచివాళ్ల నుంచి కొత్తగా పొడవాటి భాగాన్ని తీసుకుని, ఉన్నవాళ్లనే పలచగా పరిచి కూర్చుంది. వెనక రక్షణ రేఖల్లో చాలాచోట్ల తవ్వకం పూర్తి కాలేదు. మొదటి రోజే 20,000కు పైగా బ్రిటిష్ సైనికులు పట్టుబడ్డారు. రెండు వారాల్లో జర్మన్లు 65 కిలోమీటర్ల దాకా చొచ్చుకుపోయారు. మూడేళ్లుగా గజాల్లో కొలుస్తున్న రంగంలో ఇది అద్భుతమే.

అయితే ఎక్కడికి వెళ్లాలి? దీనికి లూడెన్‌డార్ఫ్ దగ్గర జవాబు లేదు. ముందు ఒక కన్నం కొడదాం, మిగతాది దానంతటదే తేలుతుంది అన్న ధోరణిలో ఆయన మాట్లాడినట్టు బవేరియా యువరాజు రుప్రెఖ్ట్ రాసుకున్నాడు. అసలు పథకంలో ప్రధాన దెబ్బ ఉత్తరాన, ఆరాస్ వైపు. గెలుపు మాత్రం దక్షిణాన, 18వ సైన్యానికి దక్కింది. మార్చి 23న ఆయన మూడు సైన్యాలనూ మూడు దిక్కులకు, వాయవ్యానికి, పడమరకు, నైరుతికి విప్పేశాడు. మార్చి 28న ఆరాస్ దగ్గర కొట్టిన దెబ్బ ఒక్కరోజులో ఆగిపోయింది. ఆ సమయానికి నిజంగా విలువైన గురి ఒక్కటే ఉంది: ఆమియాఁ. ఉత్తర ఫ్రాన్స్‌లో బ్రిటిష్ సైన్యానికి సరుకు, మనుషులు చేరే ముఖ్యమైన రైల్వే కూడలి అది. దాన్ని కోసేస్తే బ్రిటిష్, ఫ్రెంచి సైన్యాలు విడిపోయే అవకాశం ఉండేది. దాన్ని మొదటి రోజు నుంచీ గురిగా పెట్టుకోలేదు; గుర్తించాక ఊరికి పదహారు కిలోమీటర్ల దూరంలోనే ఊపిరి ఆగిపోయింది.

ఊపిరి ఎందుకు ఆగిందంటే కారణాలు చాలా మామూలువి. గుర్రాలు తక్కువ, ఉన్నవాటికి దాణా తక్కువ. బ్రిటిష్ నౌకాదళం సముద్రం మీద పెట్టిన దిగ్బంధనం వల్ల రబ్బరు లేక లారీలకు ఇనుప చక్రాలు, ఆ చక్రాలు రోడ్లను దున్నేశాయి. సొంత ట్యాంకులు ఇరవై మాత్రమే తయారయ్యాయి. దాటాల్సిన నేల 1916 సోమ్ యుద్ధంలో చితికిపోయినది. పైగా 1917 మొదట్లో వెనక్కి తగ్గేటప్పుడు జర్మన్లే అక్కడి రోడ్లు, వంతెనలు, బావులు, ఇళ్లు ఒక పద్ధతి ప్రకారం ధ్వంసం చేసి వెళ్లారు. తాము పాడుచేసిన నేలలోనే ఇప్పుడు తమ ఫిరంగులు ఈడ్చుకోవాల్సి వచ్చింది. ఆల్బెర్ పట్టణంలో బ్రిటిష్ గిడ్డంగులు దొరికినప్పుడు ఆకలి మీదున్న దళాలు తిండికీ మద్యానికీ ఆగిపోయాయి. శత్రువుకు తిండి కొరత ఉందని అంతవరకు వాళ్లకు చెబుతూ వచ్చారు. ఆ గిడ్డంగులు చూశాక ఆ మాట నమ్మినవాడు లేడు.

ఏప్రిల్ 5న మైకేల్ ముగిసింది. జర్మన్ నష్టం సుమారు 2,40,000. మిత్రపక్షాలకూ దాదాపు అంతే పోయింది, కానీ వాళ్లకు అమెరికా ఉంది. పోయినవాళ్లలో ఎక్కువమంది ముప్పై అయిదేళ్ల లోపు, ఎంచి శిక్షణ ఇచ్చిన దాడి డివిజన్లవాళ్లు. మిగిలినవి కందకాల్లో కూర్చోగలిగిన డివిజన్లు. సంపాదించింది పొడుచుకొచ్చిన పెద్ద ఉబ్బు, అంటే అంతే మందితో కాపాడాల్సిన ఇంకా పొడవైన సరిహద్దు. వీటన్నిటి కంటే పెద్ద నష్టం మార్చి 26న డూలాఁ పట్టణంలో జరిగింది: ఇన్నాళ్లూ ఎవరికి వారుగా ఉన్న బ్రిటిష్, ఫ్రెంచి సైన్యాల సమన్వయం ఫ్రెంచి జనరల్ ఫోష్ చేతికి వచ్చింది.

ఆ తర్వాతివి ఒకే తప్పుకు నకళ్లు. ఏప్రిల్ 9న ఫ్లాండర్స్‌లో, మే 27న షెమాఁ దె దామ్ దగ్గర, జూన్ 9న మరోచోట, జులై 15న రెయిమ్స్ రెండు పక్కలా. మే దాడి మార్న్ నది దాకా వెళ్లింది, పారిస్ వణికింది, కానీ అదీ ఒక ఉబ్బే. జులై దాడి సంగతి ఫ్రెంచివాళ్లకు ఖైదీల ద్వారా ముందే తెలిసిపోయి, ముందు వరసను దాదాపు ఖాళీ చేసి ఎదురుచూశారు. జులై 18న విలెర్ కొత్రే అడవి లోంచి, ముందస్తు ఫిరంగి మోత లేకుండా, వందల ట్యాంకులతో ఎదురుదెబ్బ కొట్టారు. చొరవ ఆ రోజు చేయి మారింది, మళ్లీ తిరిగి రాలేదు. ఆగస్టు 8న ఆమియాఁ దగ్గర కెనడా, ఆస్ట్రేలియా దళాలు అయిదు వందలకు పైగా ట్యాంకులతో ఒక్కరోజులో 13 కిలోమీటర్ల దాకా నడిచాయి. ఆ రోజును జర్మన్ సైన్యానికి చీకటి రోజుగా లూడెన్‌డార్ఫే రాశాడు. ఆయన్ను కుదిపింది పోయిన నేల కన్నా లొంగిపోయిన తీరు: ఒక్కరోజే 12,000 మందికి పైగా పట్టుబడ్డారు. జులై 18 నుంచి నవంబరు దాకా మిత్రపక్షాలకు దొరికిన జర్మన్ ఖైదీల సంఖ్య దాదాపు 3,85,000.

ఇక్కడ తూర్పు సంగతి ఒకటి చెప్పాలి. మార్చి 3న బ్రెస్ట్ లిటోవ్‌స్క్‌లో రష్యా మీద రుద్దిన ఒప్పందం జర్మనీకి పోలండ్, బాల్టిక్, ఉక్రెయిన్ నేలల మీద పెత్తనం ఇచ్చింది. పెత్తనానికి మనుషులు కావాలి. పడమట ప్రతి బెటాలియన్ లెక్కకొస్తున్న రోజుల్లో తూర్పున దాదాపు పది లక్షల మంది ధాన్యం పోగుచేస్తూ, రైళ్లు కాపలా కాస్తూ ఉండిపోయారు. వాళ్లలో వయసు మీరినవాళ్లు ఎక్కువ నిజమే. అయినా కాపలా పనులకైనా పడమట వాడుకోగలిగినవాళ్లే.

మరి ఇంట్లో?

ఆకలి అబద్ధం కాదు. 1916–17 చలికాలంలో బంగాళాదుంప పంట పాడై, పశువులకు వేసే దుంపలతో జనం కడుపు నింపుకున్నారు. 1918 జనవరి 28న బెర్లిన్‌లో సుమారు 4,00,000 మంది ఆయుధ కార్మికులు పని ఆపారు. ఆక్రమణలు లేని శాంతి, మెరుగైన రేషన్, సైనిక ఆంక్షల ఎత్తివేత, జర్మనీలో అతిపెద్ద రాష్ట్రమైన ప్రష్యాలో ఆస్తిని బట్టి ఓటు విలువ మారే పద్ధతి రద్దు: ఇవీ కోరికలు. సోషల్ డెమోక్రాట్ నాయకులు ఎబెర్ట్, షైడెమాన్ సమ్మె కమిటీలో చేరారు. వారం రోజుల్లో సమ్మెను అణిచేశారు, చాలామంది సమ్మెదారులను బలవంతంగా యుద్ధరంగానికి పంపారు.

వెన్నుపోటు కథ చెప్పేవాళ్లు ఎక్కువగా చూపించేది ఈ సమ్మెనే. ఏడు వారాల తర్వాత అయిదు గంటల్లో 11 లక్షల గుండ్లు పేల్చిన సైన్యానికి మందుగుండు కొరత వచ్చిందని ఎలా అంటారో వాళ్లే చెప్పాలి. ఇంటి ఆకలి సైనికుల మనోబలాన్ని తిన్నదన్నది మాత్రం ఒప్పుకోవాలి. సెలవు మీద ఇంటికి వెళ్లొచ్చినవాడు ఉత్సాహంతో తిరిగిరాలేదు, తూర్పు నుంచి వచ్చే రైళ్లలో దారిలోనే దిగిపోయినవాళ్లున్నారు. అయితే మార్చిలో ఇదే ఆకలితో ఉన్న సైనికులు ఇదే ఆఖరు దెబ్బ అని నమ్మి పోరాడారు. నమ్మకం పోయింది దాడులు విఫలమయ్యాకే. ఆ పైన జూన్, జులైల్లో ఇన్‌ఫ్లూయెంజా.

స్పాలో రెండు రోజులు

సెప్టెంబరు 15న మాసిడోనియాలో దోబ్రో పోలె దగ్గర జర్మనీ మిత్రదేశమైన బల్గేరియా సైన్యం విరిగిపోయింది. 29న బల్గేరియా సంతకం పెట్టి తప్పుకుంది. దక్షిణపు తలుపు మూయడానికి పంపే దళాలు జర్మనీ దగ్గర లేవు. పడమట అదే వారంలో ఫోష్ నాలుగు చోట్ల దాడి మొదలుపెట్టాడు. సెప్టెంబరు 28 సాయంత్రం బెల్జియంలోని స్పా పట్టణంలో లూడెన్‌డార్ఫ్ హిండెన్‌బర్గ్ గదికి వెళ్లి కాల్పుల విరమణ తప్పదన్నాడు. మర్నాడు విదేశాంగ మంత్రి హింత్సెకు, ఆ పైన కైజర్‌కు అదే చెప్పారు. బెర్లిన్‌లో విప్లవం లేదు, సమ్మె లేదు, నౌకాదళంలో చప్పుడు లేదు.

ఆ గదుల్లోనే రెండో నిర్ణయం కూడా జరిగింది. అమెరికా అధ్యక్షుడు విల్సన్ ప్రజాప్రభుత్వంతోనే మాట్లాడతానంటున్నాడు కాబట్టి పార్లమెంటుకు జవాబుదారీ అయిన ప్రభుత్వాన్ని పైనుంచే ఏర్పాటు చేద్దామన్నది హింత్సె ఆలోచన. లూడెన్‌డార్ఫ్ వెంటనే ఒప్పుకున్నాడు, ఆయన కారణం వేరు. అక్టోబరు 1న తన అధికారులను పిలిచి, మనల్ని ఈ గతికి తెచ్చినవాళ్లే ఇప్పుడు శాంతి కుదుర్చుకోవాలి, వండినవాళ్లే తినాలి అన్న అర్థంలో మాట్లాడాడు. కర్నల్ ఫాన్ టేర్ డైరీలో అది నమోదై ఉంది. వండింది ఎవరో ఆ గదిలో ఉన్నవాళ్లకు తెలియంది కాదు.

అదే రోజు బెర్లిన్‌కు తంతి మీద తంతి: సైన్యం ఇంకో 48 గంటలు కూడా ఆగే స్థితిలో లేదు. కొత్త చాన్సలర్‌గా వచ్చిన బాడెన్ యువరాజు మాక్స్ కొద్ది రోజులు గడువివ్వమన్నాడు. ఇంత హడావిడిగా అడిగితే బలహీనత బయటపడుతుందన్నది ఆయన వాదన, సరైన వాదన. వినలేదు. చివరికి ఆ మాట కాగితం మీద రాసిమ్మంటే అక్టోబరు 3న హిండెన్‌బర్గ్ సంతకంతో ఉత్తరం వచ్చింది. అక్టోబరు 2న సైన్యం తరఫున వచ్చిన ఒక మేజర్ పార్టీ నాయకులకు అసలు పరిస్థితి వివరించినప్పుడు ఎబెర్ట్ ముఖం పాలిపోయి నోట మాట రాలేదు. ముందు రోజు దాకా వాళ్లకు చెప్పింది విజయం దగ్గర్లో ఉందనే. అక్టోబరు 3 రాత్రి విల్సన్‌కు విజ్ఞప్తి వెళ్లింది.

విల్సన్ జవాబులు ఒకదానికంటే ఒకటి గట్టిగా వచ్చాయి: అక్టోబరు 8, 14, 23. మధ్యలో 10న ఒక జలాంతర్గామి ఐరిష్ సముద్రంలో లెయిన్‌స్టర్ అనే ప్రయాణికుల ఓడను ముంచి అయిదు వందల మందికి పైగా చంపింది, మాట్లాడే దారి ఇంకా ఇరుకైంది. మూడో జవాబు అందాక, అక్టోబరు 24న, లూడెన్‌డార్ఫ్ గొంతు మారింది. నెల క్రితం 48 గంటలు ఆగలేమన్నవాడే ఈ షరతులు సైనికులకు అంగీకారం కావని, పోరాడాలని సైన్యానికి ప్రకటన పంపించాడు. ఈసారి మాక్స్ తగ్గలేదు. 26న లూడెన్‌డార్ఫ్ పదవి పోయి ఇంటికి వెళ్లాడు, ఆ స్థానంలోకి జనరల్ గ్రోనర్ వచ్చాడు. ఎలాగూ ఆలస్యమైంది. యుద్ధం ముగుస్తోందని ప్రతి సైనికుడికీ తెలిసిపోయాక చివరి రోజు చచ్చేవాడిగా మిగలాలని ఎవరికి ఉంటుంది?

తిరుగుబాటును ఎవరు మొదలుపెట్టారు

నవంబరు విప్లవాన్ని రాజేసింది నౌకాదళాన్ని నడిపిన అడ్మిరల్ షేర్, అడ్మిరల్ హిప్పర్ అనడం అతిశయోక్తి కాదు. యుద్ధం పొడుగునా రేవుల్లో మగ్గిన పెద్ద నౌకాదళాన్ని చాన్సలర్‌కు తెలియకుండా థేమ్స్ ముఖద్వారం, ఫ్లాండర్స్ తీరం వైపు పంపి బ్రిటిష్ నౌకాదళంతో ఆఖరి పోరు చేయించాలని పథకం వేశారు. అక్టోబరు 24న ఉత్తర్వు సిద్ధమైంది. ప్రభుత్వం శాంతి మాట్లాడుతున్నప్పుడు ఇది ప్రభుత్వం మీద అధికారుల తిరుగుబాటే. నావికులు అలాగే అర్థం చేసుకున్నారు. 29 రాత్రి విల్‌హెల్మ్స్‌హాఫెన్ ఎదుట నిలిచిన ఓడల్లో ఆజ్ఞలు పాటించడం మానేశారు, కొన్నింటిలో బాయిలర్ల మంటలు ఆర్పేశారు. ట్యూరింగెన్, హెల్గోలాండ్ నౌకల నుంచి వందల మందిని అరెస్టు చేశారు. పథకం రద్దయింది.

అంతటితో పోయేది. కానీ నౌకలను విడదీస్తే అల్లరి సద్దుమణుగుతుందనుకుని మూడో స్క్వాడ్రన్‌ను కాలువ మీదుగా కీల్‌కు పంపారు. దారిలో మార్క్‌గ్రాఫ్ నౌక నుంచి 47 మందిని అరెస్టు చేశారు. కీల్ అంటే ఓడల నిర్మాణ కార్మికులతో కిక్కిరిసిన ఊరు. నవంబరు 3న ఖైదీలను విడిపించాలని ఊరేగింపు తీస్తే గస్తీ దళం కాల్చింది, కనీసం ఏడుగురు చనిపోయారు. మర్నాటికి ఊరు నావికుల చేతిలోకి వచ్చింది. వాళ్లు రాసిన 14 కోరికలు చూడండి: ఖైదీల విడుదల, మాట్లాడే స్వేచ్ఛ, ఉత్తరాల తనిఖీ రద్దు, పై అధికారుల నుంచి మర్యాద, నౌకాదళం బయటికి పోకూడదు. ఫ్యాక్టరీల జాతీయీకరణ ఊసు లేదు.

అక్కడి నుంచి విప్లవం రైలెక్కింది. నావికులు దిగిన ఊరల్లా కౌన్సిల్ పెట్టింది. నవంబరు 7న మ్యూనిక్‌లో బవేరియాను 738 ఏళ్లుగా ఏలుతున్న విట్టెల్స్‌బాఖ్ వంశం ఒక్క సాయంత్రంలో పోయింది. 9న బెర్లిన్ వంతు. అదే ఉదయం స్పాలో గ్రోనర్, హిండెన్‌బర్గ్ యుద్ధరంగం నుంచి వచ్చిన 39 మంది అధికారులను ఒక ప్రశ్న అడిగించారు: కైజర్ ముందు నడిస్తే మీ దళాలు స్వదేశాన్ని తిరిగి గెలుచుకుంటాయా? అవునన్నది ఒక్కరు. అనుమానమే అన్నవాళ్లు 15 మంది. కాదన్నది 23 మంది. కైజర్‌ను దించిన అసలు ఓటింగు ఇదే అనిపిస్తుంది. ఆయన ఇంకా తటపటాయిస్తుండగానే మధ్యాహ్నానికి మాక్స్ ఆయన పేరిట పదవీత్యాగం ప్రకటించి చాన్సలర్ పదవిని ఎబెర్ట్‌కు అప్పగించాడు. రెండు గంటలకు రైష్టాగ్ కిటికీ నుంచి షైడెమాన్ గణతంత్రం ప్రకటించాడు, ఎబెర్ట్‌ను అడక్కుండానే. నాలుగు గంటలకు తీవ్ర వామపక్ష నాయకుడు లీబ్‌నెక్ట్ ఇంకొకటి, సోషలిస్టు గణతంత్రం. మర్నాడు కైజర్ హాలండ్ చేరాడు, ఆ రాత్రే గ్రోనర్ ఎబెర్ట్‌కు ఫోన్ చేసి సైన్యం మద్దతు ఇస్తుందన్నాడు. బదులుగా అధికారుల పెత్తనం జోలికి రాకూడదు.

కాల్పుల విరమణ మాట్లాడడానికి ఫ్రాన్స్‌లోని కాంపియేన్ అడవిలో రైలు పెట్టెలో కూర్చున్న జర్మన్ బృందానికి నాయకుడు ఎర్జ్‌బెర్గర్, పౌర రాజకీయ నాయకుడు. షరతులు: 15 రోజుల్లో బెల్జియం, ఫ్రాన్స్, ఆల్సాస్ లొరెయిన్ ఖాళీ చేయాలి, రైన్ నది ఎడమ గట్టు వదులుకోవాలి, 5,000 ఫిరంగులు, 25,000 మెషీన్‌గన్లు, 1,700 విమానాలు, 5,000 రైలింజన్లు, జలాంతర్గాములన్నీ అప్పగించాలి, దిగ్బంధనం మాత్రం కొనసాగుతుంది. మార్పులు అడిగి చూడు, దొరక్కపోతే అలాగే సంతకం పెట్టు అని నవంబరు 10న తంతి పంపినవాడు హిండెన్‌బర్గ్.

ఏడాది తర్వాత, 1919 నవంబరు 18న, అదే హిండెన్‌బర్గ్ పార్లమెంటు విచారణ కమిటీ ముందు సైన్యాన్ని వెనక నుంచి పొడిచారని చదివి వినిపించాడు. దీనికి ఎబెర్ట్ బాధ్యత కూడా కొంత ఉంది: 1918 డిసెంబరు 10న బెర్లిన్‌కు తిరిగొచ్చిన దళాలతో, మిమ్మల్ని ఏ శత్రువూ జయించలేదన్నాడు. మర్యాద కోసం అన్న మాట ఆయన మెడకే చుట్టుకుంది. సంతకం పెట్టిన ఎర్జ్‌బెర్గర్‌ను 1921 ఆగస్టులో మాజీ సైనికాధికారులు కాల్చి చంపారు. 1924 డిసెంబరులో మాగ్డెబర్గ్ కోర్టు, పరువునష్టం కేసు వేసిన ఎబెర్ట్‌నే తప్పుపడుతూ, 1918 జనవరి సమ్మెలో పాల్గొనడం చట్టప్రకారం దేశద్రోహమేనంది. అప్పటికి ఆయన దేశాధ్యక్షుడు. రెండు నెలలు తిరిగేసరికి, ఫిబ్రవరి 28న, 54 ఏళ్లకు చనిపోయాడు. ఏప్రిల్‌లో ఆ పదవికి ఎన్నికైంది హిండెన్‌బర్గ్.